మాటల్లేని సినిమాకి మన హార్మోనియం

కడపలో గానీ అనంతపురంలో గానీ మూకీ సినిమా పేరెత్తితే చాలామందికి గుర్తొచ్చేవి ఇవే: టకటకా నడిచే మనుషులు, వెనకాల ఆగకుండా మోగే పియానో, చాప్లిన్ మీసం. ఫోన్లో పది నిమిషాలు చూసి విసుగొచ్చి ఆపేస్తారు. అందులో చూసేవాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళకి దొరికిన కాపీలో వేగం తప్పు, బొమ్మ కొలత తప్పు, సంగీతం ఎవరో ఏదో తెచ్చి అతికించింది. ఈ మూడూ సరిచేసి, కథ ఏమవుతుందా అని కాకుండా కంటికీ చెవికీ ఏం జరుగుతోందో గమనిస్తూ కూర్చుంటే నూరేళ్ళ నాటి సినిమా ఇప్పటికీ కట్టిపడేస్తుంది.

అలా చూడడం సీమకి కొత్త విద్య కూడా కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన నాటక సమాజానికి జనం ఎగబడింది కథ తెలియక కాదు గదా. గాల్లో ఎగిరే పాత్రలు, బాణాలు ఢీకొంటే లేచే మంటలు, కళ్ళముందే మారిపోయే తెరలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఇప్పటికీ బతికుంది. అక్కడి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్ల పంచె తెర, వెనక దీపం, కదిలే బొమ్మ, పక్కన హార్మోనియం, మద్దెల, తాళాలు. మూకీ సినిమా ఆటకి కావలసిన సరంజామా అంతా అందులోనే ఉంది.

ముందు వేగం సంగతి. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 16 ఫ్రేములు, అంటే 16 విడి బొమ్మలు, ఉంటాయి. ఆ రోజుల్లో కెమెరా పిడిని చేత్తో తిప్పేవాళ్ళు కాబట్టి వేగం ఒక్కచోట నిలిచేది కాదు. తొలి సినిమాలు సెకనుకి 16 ఫ్రేములకి అటూ ఇటూగా ఉంటాయి, 1920ల చివరికొచ్చేసరికి 24కి దగ్గరపడ్డాయి. టాకీలొచ్చాక శబ్దం కోసం 24 దగ్గర స్థిరపడింది. 16లో తీసినదాన్ని 24లో వేస్తే ప్రతి కదలికా ఒకటిన్నర రెట్లు తొందరగా సాగుతుంది. వెయ్యి అడుగుల రీలు 16 ఫ్రేముల లెక్కన 16 నిమిషాల 40 సెకన్లు నడవాలి. 24లో వేస్తే 11 నిమిషాల 7 సెకన్లకే అయిపోతుంది. మూకీల్లో మనుషులు బొమ్మల్లా ఎగిరెగిరి నడుస్తారన్న పేరు చాలావరకు ఇక్కడ పుట్టిందే.

కాపీ సరైన వేగంలో ఉందో లేదో తెలుసుకోవడానికి తేలిక మార్గం ఉంది. తొందరేమీ లేకుండా వీధిలో నడిచే మనిషి ఉన్న షాట్ ఒకటి పట్టుకోండి. మామూలు నడకలో సెకనుకి సుమారు రెండు అంగలు పడతాయి. పది అంగలకి అయిదు సెకన్లు పడితే వేగం సరిగ్గా ఉన్నట్టే. మూడున్నర సెకన్లలోపే అయిపోతే వీడియోలు ఆడించే వీఎల్‌సీలో ప్లేబ్యాక్ స్పీడ్‌ని 0.67కి దించండి. నాలుగు సెకన్లు పడితే 0.8 చాలు. వేగం తగ్గిస్తే దానితో వచ్చే సంగీతం కూడా సాగిపోతుంది కనక మ్యూట్ చేయాల్సిందే. రెండు జాగ్రత్తలు. పునరుద్ధరించిన కాపీల్లో ఈ దిద్దుబాటు ముందే జరిగి ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. హాస్య చిత్రాల్లో వెంటాడే సన్నివేశాలని కావాలనే నెమ్మదిగా పిడి తిప్పి తీసేవాళ్ళు, తెరమీద పరుగు పెరగాలని. వాటిని మామూలు నడక వేగానికి దించితే హాస్యం చచ్చిపోతుంది. అందుకే పరీక్ష ఎప్పుడూ తీరిగ్గా సాగే సన్నివేశం మీదే పెట్టాలి.

బొమ్మ కొలత 4:3, అంటే నాలుగు పాళ్ళ వెడల్పుకి మూడు పాళ్ళ ఎత్తు. ఇప్పటి టీవీలు దాన్ని అడ్డంగా సాగదీసి మనుషుల్ని లావు చేస్తాయి, లేదా జూమ్ చేసి తలలూ కాళ్ళూ కోసేస్తాయి. మాటల్ని రాసి మధ్యమధ్య చూపించే అక్షరాల కార్డులో పై వరసో కింది వరసో తెగిపోయి కనిపిస్తే జూమ్ పడిందని గుర్తు. టీవీ సెట్టింగుల్లో ఒరిజినల్ అని పెట్టి, అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. కదలికల్ని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ కూడా తీసేయాలి, అది పాత ఫిల్మ్ మీది గీతల్ని కూడా కదలికే అనుకుని బొమ్మని వంకర తిప్పుతుంది. రాత్రి దృశ్యాలు నీలంగా, దీపపు గదులు పసుపుగా, మంటలు ఎర్రగా కనబడితే టీవీ పాడైందని కంగారుపడొద్దు. తెరమీద వేసే పాజిటివ్ ప్రింటుని రంగు నీళ్ళలో ముంచి అలా తయారుచేసేవాళ్ళు. పెదాలు నల్లగా, ఆకాశం తెల్లగా పాలిపోయి ఉండడానికీ కారణముంది: అప్పటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనపడదు, నీలం ఎక్కువగా తగులుతుంది.

పెద్ద తెర ఎందుకంటే ఈ సినిమాల్లో తమాషా అంతా మొత్తం ఫ్రేములో పరుచుకుని ఉంటుంది. ఫోన్ తెరమీద అది చీమల పరుగు. మూలనపడ్డ పాత స్కూలు ప్రొజెక్టర్లు చాలావాటికి 1024 బై 768 బొమ్మే వస్తుంది, అది సరిగ్గా 4:3. కొత్త సినిమాలకి ఇరుకనిపించే ఆ ప్రొజెక్టరే మూకీకి అచ్చంగా సరిపోతుంది. 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు బొమ్మకి మామూలు లెన్స్‌తో 12 నుంచి 16 అడుగుల దూరం పడుతుంది. చీకట్లో 2000 ల్యూమెన్ల వెలుతురు చాలు. చూసేవాళ్ళు కూడా తెరకి 12 నుంచి 16 అడుగుల మధ్య కూర్చుంటే బాగుంటుంది.

వేసవిలో మిద్దె మీద వేసుకోవాలంటే తొమ్మిదడుగుల డబుల్ కాట్ తెల్ల దుప్పటి తెరగా పనికొస్తుంది. దాన్ని ఇస్త్రీ చేయాలి, మడతలుంటే తెల్లని దృశ్యాల్లో గీతల్లా బయటపడతాయి. దుప్పటి ఒక్కటే కడితే సగం వెలుతురు అవతలికి పోతుంది. వెనక నల్లగుడ్డ వేస్తే బొమ్మలో నలుపు నిలుస్తుంది. కింది అంచులో గొట్టంలా కుట్టి అందులో ఇనప పైపు దూర్చండి, గాలికి తెర ఊగితే చూసేవాళ్ళకి తల తిరుగుతుంది. మే నెలలో కడపలో ఏడుంపావు దాటకముందు మొదలుపెట్టొద్దు, పడమటి వెలుతురు ఇంకా మిగిలే ఉంటుంది. సాయంత్రం మిద్దెమీద నీళ్ళు చల్లకపోతే ఆ సెగకి జనం అరగంటకే లేచిపోతారు. కరెంటు పోవడం మామూలే కాబట్టి ప్రొజెక్టర్‌ని యూపీఎస్‌కి తగిలించండి. ఫ్యాను తిరిగి చల్లబడకముందే ఆగిపోతే బల్బు ఆయుష్షు తగ్గుతుంది.

ఇక కంటి పని. ప్రతి షాట్‌లోనూ దీన్నెలా తీసి ఉంటారని అడుగుతూ చూడడం మూకీలకి మంచి తలుపు. జార్జ్ మెలియెస్ 1902లో తీసిన ‘ఎ ట్రిప్ టు ద మూన్’లో చందమామ దగ్గరికొచ్చే షాట్ ఉంది. కెమెరా కదల్లేదు. చందమామ ముఖం వేసుకున్న మనిషినే బండి మీద కెమెరా వైపు లాగారు. గొడుగుతో కొడితే చంద్రవాసులు పొగైపోతారు: కెమెరా ఆపి, మనిషిని పక్కకి పంపి, అక్కడ పొగ పేల్చి, మళ్ళీ తిప్పారు. మెలియెస్ పారిస్‌లో ఇంద్రజాల థియేటర్ నడిపినవాడు, స్టూడియోని కూడా రంగస్థలం లాగే కట్టుకున్నాడు. ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే చప్పట్లు కొట్టిన మనకి ఈ విద్య పరాయిది కాదు. ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డిది మన తాడిపత్రే, కెమెరా మార్కస్ బార్ట్‌లేది.

జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 1927 నాటి ‘మెట్రోపొలిస్’లో అద్దం వాడారు. కెమెరా ముందు అద్దాన్ని ఏటవాలుగా నిలిపి, ఒకచోట వెనకపూత గీకేస్తే, ఆ కంతలోంచి ఒక దృశ్యం, అద్దంలో ఇంకో దృశ్యం ఒకే ఫ్రేములో పడతాయి. చిన్న నమూనా భవనం కింద నిజం మనుషులు నడుస్తున్నట్టు కనబడేది అందుకే. దీన్ని రూపొందించిన యూజెన్ షుఫ్తాన్ పేరే ఆ పద్ధతికి నిలిచింది. బస్టర్ కీటన్‌ది ఇంకో దారి, ఆయన మాయ చేయడు. 1926లో ‘ద జనరల్’ కోసం ఒరెగాన్ రాష్ట్రంలో కాలుతున్న వంతెన మీద నిజమైన రైలింజన్‌నే నడిపి నదిలో పడేశారు. అలాంటిది రెండోసారి తీయడానికి కుదరదు. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో ఇంటి ముందు గోడ మొత్తం ఆయన మీద పడుతుంది, కిటికీ ఖాళీ ఆయన నిలబడ్డ చోటికి సరిపోయింది గనక బతికాడు. ఆ షాట్ ఒక్కదాన్ని పెద్ద తెరమీద ఒకసారి చూపిస్తే చాలు, మూకీ ఎందుకు చూడాలని మళ్ళీ ఎవరూ అడగరు.

సంగీతానికొద్దాం. మూకీ సినిమా మౌనంగా ఆడింది తక్కువ. పట్నాల్లో ఆర్కెస్ట్రా, చిన్న హాళ్ళలో పియానో, మన దేశంలో చాలాచోట్ల హార్మోనియం, తబలా. నిర్మాతలు సినిమాతోపాటు ఏ దృశ్యానికి ఎలాంటి బాణీ కావాలో రాసిన క్యూ షీట్లు పంపేవాళ్ళు. ‘మెట్రోపొలిస్’కి గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్జ్ రాసినట్టు కొన్నింటికి పూర్తి స్వరరచనే ఉండేది. యూట్యూబ్ కాపీల్లో వినబడేది మాత్రం చాలావరకు సంబంధం లేని పాత రికార్డింగు, చావు దృశ్యం మీద కూడా అదే హుషారు పియానో. వినే చెవి అలవడాలంటే అయిదు నిమిషాల సన్నివేశం ఒకటి తీసుకుని ముందు పూర్తిగా మ్యూట్ చేసి చూడండి, తర్వాత సంగీతంతో, ఆ తర్వాత వేరే సంగీతంతో. పరుగు పెరిగినట్టు, గది పెద్దదైనట్టు, మనిషి మంచివాడైనట్టు అనిపిస్తుంది. బొమ్మ మాత్రం అదే. నేటి సంగీతకారులు ఎలా చేస్తారో వినడానికి మన దేశంలో తీసినవే రెండున్నాయి: 1928 నాటి ‘షిరాజ్’కి అనౌష్క శంకర్, 1929 నాటి ‘ఎ త్రో ఆఫ్ డైస్’కి నితిన్ సాహ్నీ. రెండింటికీ దర్శకుడు ఫ్రాంజ్ ఓస్టెన్, నిర్మాత హిమాంశు రాయ్.

మనూళ్ళో ఎదురుగా కూర్చుని వాయించాలంటే ఊరి భజన బృందాన్ని మించినవాళ్ళు లేరు. ఎంతసేపైనా ఆగకుండా వాయించగలరు, ఒకరి కన్నుసన్నలు ఒకరికి తెలుసు. ఒక హార్మోనియం, ఒక డోలక్ లేదా తబలా, వేణువు, తాళాలు, చెక్కభజన చెక్కలు, గజ్జెలు ఉంటే ఇరవై నిమిషాల సినిమాకి కొదవలేదు. అనంతపురం వైపు ఉరుములనే డోళ్ళు వాయించేవాళ్ళు దొరికితే తుఫాను దృశ్యాలకి ఇంకేమీ అక్కర్లేదు. శ్రుతిని వేణువుని బట్టి పెట్టుకోండి. ఒక్కో వేణువుకి ఒక్కటే శ్రుతి, హార్మోనియం మీద మెట్టు మార్చుకోవడం వాయించేవాడి చేతిలో పని. మిద్దెమీద రాత్రి చల్లబడేకొద్దీ తబలా శ్రుతి కదులుతుంది కాబట్టి ఆటకి ముందు అరగంట బయటే ఉంచి, అప్పుడు కలపాలి.

బృందం తెరకి ఎడమపక్క, ముందువైపు ఏటవాలుగా కూర్చోవాలి. అందరికీ తెర కనబడాలి. వెనక కూర్చోబెడితే ముందున్న తలలు అడ్డొచ్చి తాళం వెనకబడుతుంది. వాళ్ళ దగ్గరి దీపం తెరమీద పడకుండా అట్టతో కప్పండి. ఎక్కువ ఆటలు చెడేది ఈ ఒక్క దీపంతోనే. మైకు హార్మోనియానికి ఒకటి, చదివే మనిషికి ఒకటి, డోలక్‌కి వద్దు.

తాళం నడకలు ముందే మాట్లాడుకోవాలి. గుర్రాలకి, వెంటాడడానికి మూడు దెబ్బల తిశ్రం. ఊరేగింపుకి నాలుగు దెబ్బల చతురశ్రం. యంత్రాలు, భయం, ఏదో సరిగా లేదన్న అనుమానం ఉన్నచోట ఖండగతి, ఆ అయిదు దెబ్బలు వినేవాళ్ళని కుదురుగా కూర్చోనివ్వవు. పాత ఆవిరి ఇంజన్ చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు సార్లు ఆవిరి కొడుతుంది, కాబట్టి రైలుకి చతురశ్రమే, మొదటి దెబ్బ బరువుగా. రాగాల్లో ఆశ్చర్యానికి మోహన, దిగులుకి శుభపంతువరాళి, వీరానికి అఠాణా. అపాయం పొంచి ఉన్నచోట రాగమే వద్దు, శ్రుతి ఒక్కటి పట్టుకుని ఆగండి.

జనానికి మాటలు తెలిసిన పాట గానీ భజన గానీ వాయించొద్దు. బాణీ మొదలవగానే మనసులో సాహిత్యం నడుస్తుంది, కన్ను తెరని వదిలేస్తుంది. భజన బృందాలు ఇక్కడే పదే పదే జారతాయి, చెయ్యి అలవాటైన చోటికే పోతుంది గనక. రెండో పొరపాటు: తెరమీద ఎవరు పడ్డా, తలుపు మూసినా, తుమ్మినా దెబ్బ కొట్టడం. రెండు రీళ్ళ హాస్య చిత్రంలో అయిదారు చోట్లకి మించి కొట్టొద్దు. కీటన్ మీద గోడ పడేముందు అందరూ ఆపేయండి. ఆ నిశ్శబ్దం ఏ డోలూ చేయలేని పని చేస్తుంది.

మొదటి ఆటకి ‘ఎ ట్రిప్ టు ద మూన్’ తీసుకోండి. దాదాపు 850 అడుగులు. 16 ఫ్రేములకి సెకనుకో అడుగు కాబట్టి 14 నిమిషాలు. బృందంలో ఒకరు దీన్ని వాచీ పెట్టుకుని ఒకసారి చూసి కాగితం మీద పది పన్నెండు వరసలు రాయాలి: తెరమీద ఏం కనబడితే మారాలి, ఎవరు వాయించాలి, ఏ నడక. నిమిషాలని నమ్ముకోవద్దు, కంటికి కనబడే గుర్తునే నమ్మాలి, వేగం కొంచెం తేడా వచ్చినా షీటు పనిచేస్తుంది. చందమామకి పోదామని కూడిన పండితుల సభకి హార్మోనియం ఒక్కటే, మధ్యమ కాలం. వాళ్ళు పోట్లాటకి దిగగానే హార్మోనియం ఆగి డోలక్. వాళ్ళు ఎక్కి పోయే ఫిరంగి గుండు తయారయ్యే కార్ఖానాకి చెక్కలు. ఫిరంగిలోకి ఎక్కించేటప్పుడు ఊరేగింపు నడక, పేలేముందు నాలుగు మాత్రల ఖాళీ, ఒకే ఒక్క పెద్ద దెబ్బ. చందమామ దగ్గరికొస్తుంటే శ్రుతి మాత్రమే పెరుగుతూ పోవాలి. గుండు కంట్లో గుచ్చుకున్న క్షణాన ఆపేయాలి, కొట్టకూడదు. అక్కడ జనం నవ్వుతారు, ఆ నవ్వు మీద డోలక్ పడితే పాడైపోతుంది. నిద్రలో చుక్కలు కనబడేటప్పుడు వేణువు, మంచు కురిసేటప్పుడు గజ్జెలు సన్నగా. గుహలో గొడుగు పుట్టగొడుగై పెరిగేచోట వేణువు మీద కింద నుంచి పైకి ఒక జారు. చంద్రవాసులు రాగానే ఖండగతి. వాళ్ళు పొగైపోతుంటే మొదటి రెండుసార్లు తాళం టంగుమనిపించండి, మూడోసారి నుంచి వద్దు. పారిపోయేటప్పుడు తిశ్రం, అంచు నుంచి పడిపోతుంటే అన్నీ ఆపి హార్మోనియం కింది స్వరాల్లో నిదానంగా, సముద్రం అడుగు దాకా. చివరి ఊరేగింపుకి బృందం మొత్తం. కొన్ని కాపీల్లో ఆ ఊరేగింపే ఉండదు, ముందే చూసుకోకపోతే బృందం గొంతెత్తేసరికి తెర ఖాళీ అవుతుంది.

ఈ సినిమాలో అక్షరాల కార్డులు లేవు. పక్కన నిలబడి కథ చెప్పేవాళ్ళుండేవాళ్ళు. కార్డులున్న సినిమాలకి తెలుగులో చదివే మనిషి కావాలి. కార్డు అయిదు సెకన్లుంటే తీరిగ్గా చదవడానికి పది మాటలు పడతాయి, ఎనిమిదితో ఆపేస్తే ఇంకా మంచిది. కార్డు రాగానే హార్మోనియం తగ్గాలి, మాట పూర్తయ్యాక లేవాలి. కీటన్ హాస్యానికి ‘యాడికి పోతాండావ్?’ అని మన యాసే పెట్టండి, బొమ్మకి ఊపొస్తుంది. ‘మెట్రోపొలిస్’కి మాత్రం అది పొసగదు. కార్డులో లేనిది చదవకూడదు. చూస్తూ ఉన్నదాన్నే మళ్ళీ చెబితే చూసేవాళ్ళ పని మనం లాగేసుకున్నట్టవుతుంది.

దాని తర్వాత కీటన్ 1920లో తీసిన ‘వన్ వీక్’, రెండు రీళ్ళే: పెట్టెల్లో వచ్చిన ఇంటిని తప్పుగా బిగించడం, తుఫానుకి ఆ ఇల్లు గిర్రున తిరగడం. ఆ తర్వాత ఫాల్కే 1919లో తీసిన ‘కాళీయ మర్దన్’. కృష్ణుడి వేషం వేసింది ఆయన కూతురు మందాకిని. కథ అందరికీ తెలిసిందే గనక బృందం ధైర్యంగా వాయిస్తుంది, నీటిలో పాముతో పోరాటం దగ్గర ఉరుములకి చేతినిండా పని. రఘుపతి వెంకయ్య బృందం 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ని కూడా ఇలా వేసుకోగలిగితే ఎంత బాగుండేది. దాని ప్రింటు మిగల్లేదు. జానపదాలు ఇష్టమైనవాళ్ళకి 1924 నాటి ‘ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ పండగే, ఎగిరే తివాచీ, పెద్ద పెద్ద కోటలు. అది రెండున్నర గంటలు, మధ్యలో విరామం పెట్టుకోండి. ‘మెట్రోపొలిస్’ అన్నిటికన్నా ఆఖరున. 2008లో బ్యూనస్ ఎయిరీస్‌లో దొరికిన భాగాలు కలిపి 2010లో విడుదలైన కాపీనే వెతకండి, పొట్టి కాపీల్లో కథ అర్థం కాదు.

హక్కుల మాట కూడా చూసుకోవాలి. మన కాపీరైట్ చట్టంలో సినిమాకి విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు. స్వరకర్తకి మాత్రం చనిపోయాక 60 ఏళ్ళ దాకా ఉంటుంది. చాప్లిన్ 1977లో పోయాడు కాబట్టి ‘సిటీ లైట్స్’కి ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2037 చివరిదాకా నడుస్తుంది. పునరుద్ధరించిన డిస్కుల మీది కొత్త సంగీతానికీ వేరే హక్కుదారులుంటారు. పదిమందిని పిలిచి ఆట వేసేటప్పుడు ఆ శబ్దం ఆపేసి మీ బృందం సొంత బాణీలు వాయిస్తే సంగీతం హక్కుల చిక్కు రాదు.